పైకప్పున మొలిచిన పరుపు

మీ ఇంట్లో ఎప్పుడైనా పైకప్పుకి పత్తి మొలిచిందా? మిద్దె మీద కాదు, అక్కడైతే ఏ గడ్డయినా మొలుస్తుంది. గది లోపల, వెల్లకిలా పడుకుంటే కళ్ళకి ఎదురుగా కనిపించే చోట. మొలవలేదు కదా. నాకు మొలిచింది. అది మొలవడానికి నేను పడిన కష్టం ఏ పొలంలోనో పడి ఉంటే ఈపాటికి రెండెకరాల ఆసామిని అయి ఉండేవాణ్ణి. ఆ సంగతి చెప్పమని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆవులింత వస్తుంది, అంత అలసట ఉంది అందులో. అయినా చెబుతాను. మీరు నవ్వుకోండి, నేను మధ్యమధ్యలో కాస్త కూర్చుంటాను.

అవి ఎనభైల నాటి రోజులు. నాకు ఇరవయ్యారేళ్ళు. మాచర్లలో ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేస్తున్నాను, తాత్కాలికం మీద. తాత్కాలికం అంటే తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను: ప్రతి ఏప్రిల్‌లో మన ఉద్యోగం చచ్చిపోతుంది, జూన్‌లో హెడ్మాస్టరు గారికి దయ కలిగితే మళ్ళీ పుడుతుంది. అలా నాలుగేళ్ళలో నాలుగు జన్మలెత్తి ఉన్నాను.

ఆ రోజుల్లోనే ఊరికి కాస్త దూరంలో సిమెంటు ఫ్యాక్టరీ ఒకటి లేస్తోంది. వాళ్ళు తమ పిల్లల కోసం బడి పెడతారని, దానికి పర్మనెంటు డ్రిల్లు మాస్టారు కావాలని, పైగా క్వార్టర్సు కూడా ఇస్తారని చెప్పుకున్నారు. మా స్కూలు ఆటల పోటీలకి ఆ ఫ్యాక్టరీ పెద్దాఫీసరుని ముఖ్య అతిథిగా పిలిచారు. కలకత్తా వైపు మనిషి, వయసు మళ్ళినవాడు, మెత్తగా మాట్లాడతాడు. బహుమతులు పంచడం అయ్యాక నన్ను పక్కకి పిలిచి ఇంగ్లీషులో అడిగాడు.

"మాస్టర్, గోల్ఫ్ ఆడతావా?"

"యస్ సార్."

ఆ 'యస్' ఎందుకన్నానో ఇన్నేళ్ళయినా నాకు తెలియదు. మా హెడ్మాస్టరు పక్కనే నిలబడి ఉన్నాడు, ఆయన ముందు 'నో' అనడం నాకు అలవాటు లేదు. నోరు దానంతట అది అనేసింది.

"మంచిది. ఇక్కడ నాతో ఆడే మనిషే లేడు. దసరా సెలవులయ్యాక ఒకసారి బంగళాకి రా, ఆడదాం" అన్నాడాయన. ఆయన జీపు దుమ్ములో కలిసిపోయేదాకా నేను సెల్యూట్ కొట్టిన చెయ్యి దించలేదు.

గోల్ఫ్ గురించి నాకు తెలిసింది ఎంతో చెప్పేస్తాను. మంగలి షాపులో పాత ఇంగ్లీషు పత్రికలో ఒక బొమ్మ చూశాను. టోపీ పెట్టుకున్న దొర ఒకడు కర్రని భుజం మీదుగా వెనక్కి తిప్పి ఆకాశంలోకి చూస్తుంటాడు. బొమ్మలో బంతి లేదు. ఎందుకు లేదంటే అది ఆకాశంలో ఉంది కాబట్టి. అంటే ఆ ఆటలో బంతి ఆకాశానికి పోతుందన్నమాట. నా గోల్ఫ్ విద్య అక్కడితో సమాప్తం.

కర్ర మాత్రం అనుకోకుండా దొరికింది. మా చర్చి వెనక పాత మిషన్ బంగళా ఒకటి ఉండేది. అందులో ఏనాడో ఊరొదిలి పోయిన దొరగారి సామాన్లు కొన్ని మిగిలిపోయాయి. అక్కడి వాచ్‌మన్ ఒక వంకర ఇనుప కర్రతో చింతకాయలు రాలుస్తుంటే చూసి గుర్తుపట్టాను. బతిమాలి తెచ్చుకున్నాను. దాంతోపాటు పసుపు రంగుకి తిరిగిన బంతులు రెండు ఇచ్చాడు. చేత్తో పట్టుకుంటే బంతి అన్నది పేరుకే, అది గుండ్రటి రాయి.

ఇక ఎక్కడ నేర్చుకోవాలి? స్కూలు గ్రౌండులో ఆడితే, డ్రిల్లు మాస్టారుకి గోల్ఫ్ రాదని సాయంత్రానికల్లా బజారంతా తెలుస్తుంది. రాని విద్య నలుగురి ముందు చేయకూడదు. గదిలో తలుపేసుకుని నేర్చుకుందామనుకున్నాను. అదే కొంప ముంచింది. నా కొంప కాదు, అద్దెకొంప.

ఆ గది ఖాసిం మేస్త్రిది. ఆయన గురించి చెప్పకపోతే ఈ కథలో నా పాపం ఎంతో మీకు తెలియదు. ముప్పై ఏళ్ళుగా ఇళ్ళు కడుతున్న మనిషి. మా పల్నాటి నాపరాళ్ళు పరిచి మిద్దె వేసి, కింది వైపు గానుగలో ఆడించిన సున్నంతో నున్నగా పూసి, నడిమధ్య ఒక పువ్వు తీర్చేవాడు. నాకు అద్దెకిచ్చిన ముందుగదిలో ఆయన తన కోసం తీర్చుకున్న పువ్వు ఉంది. పన్నెండు రేకులు, ఒక్కో రేకు అంచూ నిజంగా గాలికి వంగినట్టుంటుంది. ఇల్లు కట్టించుకోదలచిన వాళ్ళని ఆ గదికి తీసుకొచ్చి, తలెత్తి చూడమనేవాడు. అదే ఆయన బోర్డు, అదే ఆయన సర్టిఫికెట్టు.

గది ఇచ్చేటప్పుడు మూడు మాటలు చెప్పాడు.

"గోడకి మేకు కొట్టబాక మాస్టారూ, పూత బీటలిస్తది. గదిలో పొయ్యి పెట్టబాక, పొగకి పువ్వు నల్లబడుద్ది. నేను మనిషిని తీసుకొస్తే తలుపు తియ్యి. ఈ మూడూ చేస్తే నువ్వు నా కొడుకుతో సమానం."

"అట్టాగే మామా" అన్నాను. మూడూ అక్షరాలా పాటించాను. దేవుడు లెక్క అడిగే రోజున ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

నేను గోల్ఫ్ కర్ర తెచ్చుకున్న వారంలోనే మేస్త్రి నా గుమ్మంలో కూర్చుని బీడీ వెలిగించి అన్నాడు: "సిమెంటొచ్చినాక పువ్వు అడిగేవాడు లేడు మాస్టారూ. అంతా స్లాబే. నాలుగేళ్ళకి ఇప్పుడొకాయన అడిగాడు. ఈపూరు వెంకటప్పయ్య గారని, పత్తి జిన్నింగు మిల్లు ఆసామి. నరసరావుపేటలో ఇల్లు కడతన్నాడు. నాలుగు గదులకి నాలుగు పువ్వులంట. ముందు మన గది చూసి మాటిస్తానన్నాడు. ఈ పని తప్పితే ఇంక నేను తాపీ కడిగి అటక మీద పెట్టుకోవటమే."

ఆ మాట విన్న రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ సాయంత్రమే తలుపేసుకుని మొదటి దెబ్బ కొట్టాను. బంతి కదలలేదు, కర్ర వెళ్ళి నీళ్ళ కూజాకి తగిలింది. కూజా పోయినా పర్లేదు. ఆ రాయిలాంటి బంతి బొమ్మలో దొర కొట్టినట్టు పైకి లేస్తే? పన్నెండు రేకుల్లో ఒక్కటి రాలినా మేస్త్రి నాలుగేళ్ళ ఎదురుచూపు రాలిపోయినట్టే.

బుద్ధున్నవాడెవడైనా ఇక్కడ ఏం చేస్తాడు? గోల్ఫ్ మానేస్తాడు. నేను పువ్వుకి రక్షణ కల్పించాలని నిశ్చయించుకున్నాను. ఆడలేనివాడు మద్దెల ఓడంటాడు, నేను ఆడలేక మద్దెలకి పరుపు కట్టాను.

పరుపులు కుట్టే బాబయ్య అంగడి బస్టాండు దారిలో ఉండేది. దూదేకేవాళ్ళలో పేరున్న పనివాడు. వెళ్ళి అడిగాను.

"పెద్ద పరుపొకటి కావాలి బాబయ్యా. నిలువు తొమ్మిదడుగులు, అడ్డం ఏడు."

"అబ్బో. ఎంతమంది పడుకోడానికి?"

"పడుకోడానికి కాదు. పైన కట్టడానికి."

"పైన ఎవురు పడుకుంటారు?"

"ఎవరూ పడుకోరు. పైకప్పుకి ఆనించి కడతాను. దెబ్బ తగలకుండా."

బాబయ్య దూదేకే విల్లు పక్కన పెట్టి నా మొహం కాసేపు చూశాడు. "ఎవురికి దెబ్బ? నీకా, కప్పుకా?"

"కప్పుకి."

"నువ్వంత ఎత్తుకి ఎగురుతావా మాస్టారూ, డ్రిల్లులో?"

ఆయనకి నేను నిజం చెప్పలేదు, ఆయన కూడా ఇంక అడగలేదు. చదువుకున్నవాళ్ళ రోగాలు తనకెందుకు అనుకుని ఉంటాడు. బూరుగు దూది అన్నాడు, నా జీతం గుర్తొచ్చి తల అడ్డంగా ఊపాను. మామూలు దూది అన్నాడు, దానికీ ఊపాను. చివరికి మూలనున్న ఒక కుప్ప చూపించాడు. వానకి తడిసి రంగు మారిన నాసి పత్తి. ఏ జిన్నింగు వాడూ తీసుకోనిది, గింజ కూడా తీయనిది.

"ఇది చవకే. కాకపోతే గింజ ఉంది."

"గింజ ఉంటే ఏం, నేను నమలబోతానా?"

"పైన గుడ్డ కూడా వద్దంటావా?"

"పాత గోనె సంచులు విప్పి కుట్టెయ్. అందం ఎవరు చూస్తారు?"

"సరే. ఒక్క మాట ఇను సారూ. దీనికి తడి తగలనీబాక."

తడేంటి, నెల రోజులుగా వాన చుక్క లేదు, కాలవల్లో కప్పలు కూడా అరవడం మానేశాయి. నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది, కానీ ఓపిక లేదు.

ఒక ఆదివారం, ప్రార్థన అయ్యాక, మేస్త్రి పనికి పోయిన సమయం చూసి పరుపు కట్టాను. గోడకి మేకు కొట్టకూడదు కదా. కట్టేటప్పుడే గోడల్లో పొదిగిన చిలక్కొయ్యలు మూడు మూలల్లో ఉన్నాయి. మూడు కొసలూ వాటికి కట్టాను. నాలుగో మూలకి కొయ్య లేదు. కానీ సరిగ్గా ఆ మూలనే, వెలుతురు కోసం పైకప్పులో వదిలిన జానెడు కంత ఉంది. వాన పడకుండా దాని మీద మట్టి మూకుడొకటి బోర్లించి ఉంటుంది. నిచ్చెనేసుకుని మిద్దెక్కి, మూకుడు తీసి పక్కన పెట్టి, తాడుని కంతలోంచి పైకి లాగి పిట్టగోడ కడ్డీకి బిగించాను. ఒక్క మేకు కూడా కొట్టలేదు. మిద్దె మీద నిలబడి నా తెలివికి నేనే మురిసిపోయాను. మూకుడు సంగతి వాన వచ్చినప్పుడు, పరుపు విప్పే సంగతి ఆసామి వచ్చేటప్పుడు చూద్దాంలే అనుకున్నాను.

తర్వాత పది రోజులు, మేస్త్రి పని నుంచి రాకముందే, సాయంత్రాలు సాధన చేశాను. ఏం సాధించానో దాచకుండా చెబుతున్నాను: బంతి ఒక్కసారి కూడా నా చీలమండ దాటి లేవలేదు. మంచం కిందకి పోయింది, ట్రంకుపెట్టె వెనక్కి పోయింది, ఒకసారి తలుపు సందులోంచి గుమ్మం దాటి మేకపిల్ల కాళ్ళ మధ్యకి పోయింది. పైకి మాత్రం పోలేదు. పైన పరుపు మహారాజులా నిర్భయంగా పడుకుని ఉంది. కింద నేను నడుం పట్టేసి మూలుగుతున్నాను.

పదకొండో రోజున పిల్లల్ని తీసుకుని నరసరావుపేట పోటీలకి బయల్దేరాను. గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని బస్సెక్కాను. బస్సు ఊరు దాటకముందే వాన మొదలైంది.

అది వాన కాదు, ముసురు. ఎనిమిది రోజులు పట్టింది. నరసరావుపేటలో ఒక్క పోటీ కూడా జరగలేదు. ఒక స్కూలు వరండాలో చాపల మీద కూర్చుని, రోజుకి రెండుసార్లు ఉప్మా తిని, "తగ్గితే ఆడిద్దాం" అని పొద్దున, "తగ్గలేదు, రేపు చూద్దాం" అని సాయంత్రం ఒకరికొకరం చెప్పుకున్నాం. మూకుడు నాకు గుర్తొచ్చింది. ఎప్పుడనుకున్నారు? ఎనిమిదో రోజు, తిరుగు బస్సులో, మాచర్ల రెండు మైళ్ళుందనగా.

పరిగెత్తుకుంటూ వచ్చి తలుపు తీశాను. గదిలో కొత్తగా దున్నిన పొలం వాసన. నిదానంగా తలెత్తాను. ఎనిమిది రోజుల వాన తాడు పట్టుకుని జారి జారి పరుపులోకి చేరింది. పరుపు చూడి గేదె పొట్టలా కిందకి వేలాడుతోంది. దాని అంచుల వెంబడి, గోనెసంచి అల్లిక సందుల్లోంచి, పచ్చగా, లేతగా, జంట ఆకులతో మొలకలు. పది కాదు, ఇరవై కాదు. కిటికీ వెలుతురు ఎటుంటే అటు మెడలు తిప్పి, బడి పిల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి.

నేనింకా నోరు మూయకముందే వెనక నుంచి మేస్త్రి గొంతు వినిపించింది.

"వచ్చావా మాస్టారూ, మంచిదైంది. రేపొస్తారనుకుంటే వెంకటప్పయ్య గారు ఈ పొద్దే వచ్చారు. తలుపు తియ్యి."

తలుపు తీసే ఉంది. వెంకటప్పయ్య గారు తెల్ల ఖద్దరు చొక్కా, చేతిలో నల్ల గొడుగు, గడప మీద చెప్పులు విడుస్తూ మాట్లాడుతున్నాడు. "ఎండలో ఏ ఇల్లయినా బాగానే ఉంటది మేస్త్రీ. కట్టుబడి ముసుర్లో చూడాల. అందుకే వాన వెలవకముందే వచ్చా."

"సూడండయ్యా. ముప్పై ఏళ్ళలో నేను కట్టిన మిద్దె ఒక్కటి కురవలేదు" అంటూ మేస్త్రి, అలవాటు ప్రకారం, చూడకుండానే చెయ్యి పైకెత్తి పువ్వుని చూపించాడు.

ఆసామి తలెత్తి చూశాడు. మేస్త్రి కూడా చూశాడు. నేను నేల చూపులు చూశాను.

"మేస్త్రీ, సున్నప్పువ్వని చెప్పావు. ఇది పత్తి మొలక గదా" అన్నాడు ఆసామి.

ఆసామి దగ్గరగా వచ్చి, "ఏంది ఈ సంచి?" అంటూ గొడుగు కొనతో పొడిచాడు. పొడవద్దండీ అనడానికి నోరు తెరిచాను, కానీ అప్పటికే గోనె చిరిగింది. ఎనిమిది రోజుల వాన ఒక్క గుక్కలో ఆయన తల మీద కురిసింది. దాని వెనకే తడి పత్తి, మొలకలతో సహా. ఒక మొలక ఆయన చెవి మీద నిలబడింది.

ఆయన మొహం తుడుచుకుని, చెవి మీది మొలక తీసి వేళ్ళ మధ్య తిప్పి చూశాడు.

"ఏ రకం విత్తనం అబ్బాయా ఇది?"

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. ఇల్లు కురిసి మేస్త్రి ఏడుస్తుంటే ఈయన విత్తనం రకం అడుగుతున్నాడు. తెలియదండీ అన్నాను.

"మొన్న నేను పొలంలో ఏస్తే సగం మొలవలా. నీ పరుపు మొలిచింది" అని నిట్టూర్చి, మేస్త్రి వైపు తిరిగాడు. "మొక్క మొలిచిందంటే నీళ్ళు నిలిచినట్టే. మీ మిద్దె కురస్తంది మేస్త్రీ. మీ ఇల్లే కురిస్తే నా ఇల్లేం కడతావు? నేను పోయొస్తా." తడి చొక్కాతోనే బస్టాండు వైపు నడిచిపోయాడు.

మేస్త్రి నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నిచ్చెన వేసుకుని వానలోనే మిద్దెక్కాడు. కాసేపటికి దిగి వచ్చి, మట్టి మూకుడు తెచ్చి నా మంచం మీద పెట్టాడు.

"ఇది తీసింది ఎవురు మాస్టారూ?"

"నేనే మామా."

"ఎందుకు?"

"నీ పువ్వుకి దెబ్బ తగలకూడదని."

ఆయన పైకి చూశాడు. పరుపు చిరిగిన చోట పువ్వు కనబడుతోంది. పన్నెండు రేకులూ ఉన్నాయి, ఒక్క గీత పడలేదు. "పువ్వు బానే ఉంది" అన్నాడు మెల్లగా. "నా పేరే పోయింది. కురవని మిద్దె కురిసిందని మనిషి కళ్ళతో చూసి పోయాడు." గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. ఆ చేతులు మోకాళ్ళ మీద ఖాళీగా పడి ఉండటం నేను చూడలేకపోయాను. అప్పటిదాకా నేను చేసింది తెలివితక్కువ పని అనుకున్నాను, ద్రోహం అని అప్పుడు తెలిసింది. మూకుడు చేత్తో పట్టుకుని బస్టాండుకి పరిగెత్తాను.

వినుకొండ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది, కాలు పెట్టే సందు లేదు. ఆసామి నడిమి సీటులో కూర్చుని చొక్కా పిండుకుంటున్నాడు. జనాన్ని తోసుకుని ఆయన దాకా వెళ్ళాను.

"అయ్యా, మిద్దె కురవలేదు. ఈ మూకుడు నేను తీశాను, ఆ కంతలోంచి నీళ్ళొచ్చాయి. మేస్త్రి కట్టుబడిలో తప్పు లేదు."

"మూకుడు తీయాల్సిన పనేం వచ్చింది నీకు?"

"పరుపు కట్టడానికండీ."

"కప్పుకి పరుపెందుకు?"

"బంతి తగులుద్దేమోనని. గోల్ఫ్ బంతి."

కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి, "గోలు అంటే ఏంది సారూ?" అన్నాడు.

"గోలు కాదు, గోల్ఫ్. ఒక ఆట."

"అది నీకొచ్చా?" అన్నాడు ఆసామి.

వెనక సీటులో, దారిలో ఫ్యాక్టరీ దగ్గర దిగాల్సిన టైంకీపర్ కూర్చుని ఉన్నాడు. నన్ను బాగా ఎరిగినవాడు. నేనిక్కడ ఏమంటే అది పొద్దుగూకేలోగా పెద్దాఫీసరు బంగళాలో ఉంటుంది. ఆ పర్మనెంటు ఉద్యోగం, ఆ క్వార్టర్సు, ఏప్రిల్‌లో చావక్కరలేని ఆ బతుకు, అన్నీ కళ్ళ ముందు కనబడ్డాయి. తర్వాత మోకాళ్ళ మీది ఆ ఖాళీ చేతులు కనబడ్డాయి.

"రాదండీ" అన్నాను. "వచ్చని ఆఫీసరు గారితో అబద్ధం చెప్పాను. నేర్చుకుందామని గదిలో కొడుతున్నాను. పది రోజుల్లో బంతి ఒక్కసారి కూడా పైకి లేవలేదు."

"ఒక్కసారి కూడా?"

"మంచం ఎత్తు కూడా లేవలేదండీ."

బస్సు నవ్వింది. బస్సులు నవ్వుతాయా అంటే నవ్వుతాయి, నేను విన్నాను. ఆసామి మాత్రం నవ్వలేదు. నా చేతిలో మూకుడు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి లేచాడు. "పద. ఇది దాని చోట పెట్టు. ఇంకా వాన పడతానే ఉంది గదా, కూర్చుని చూద్దాం."

ఆ మధ్యాహ్నమంతా వెంకటప్పయ్య గారు మా గది నడిమధ్య కుర్చీ వేసుకుని, మేస్త్రి ఇంట్లోంచి వచ్చిన టీ మూడుసార్లు తాగి, పైకే చూస్తూ కూర్చున్నాడు. నేను మిద్దె మీద తాడు ఊడదీసి మూకుడు పెట్టి వచ్చి, పరుపు విప్పి, బురద ఎత్తి, నేల తుడిచాను. వాన పడుతూనే ఉంది. పైనుంచి ఒక్క చుక్క రాలలేదు. పొద్దు వాలుతుండగా ఆయన మెడ రుద్దుకుంటూ లేచాడు.

"రేకు అంచు బాగా తిప్పావు మేస్త్రీ. నాలుగు గదులకీ ఇట్టాంటివే పెట్టు" అని, గుమ్మం దగ్గర ఆగి, "ఒక షరతు. నేను గది అద్దెకిస్తే డ్రిల్లు మాస్టర్లకి ఇయ్యను" అన్నాడు. పోతూ పోతూ మొలకలున్న తడి పత్తి ఒక గుప్పెడు జేబురుమాలులో కట్టుకుపోయాడు.

మేస్త్రి నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజున, "నరసరావుపేట పనికి సున్నం కలిపే కూలీ కావాల. ఆదివారాలు వస్తావా మాస్టారూ?" అన్నాడు. ప్రార్థన కాగానే బస్సెక్కి పోయి కలిపాను. గానుగ సున్నం కలపడం అంటే ఏమిటో నా భుజాలకి ఇప్పటికీ గుర్తుంది.

ఇక పెద్దాఫీసరు. బస్సులో మాట ఆయన దాకా వెళ్ళనే వెళ్ళింది. సెలవులయ్యాక కబురు పెట్టాడు. నేను తల దించుకుని వెళ్ళాను. ఆయన నవ్వుతూ వరండాలోకి తీసుకెళ్ళాడు. అక్కడ పొడుగాటి తివాచీ పరిచి ఉంది, చివర స్టీలు గ్లాసొకటి పక్కకి పడుకోబెట్టి ఉంది. ఆయన కర్రతో బంతిని మెల్లగా తోశాడు. అది పిల్లిలా తివాచీ మీద దొర్లుతూ పోయి గ్లాసులో దూరింది, టింగున మోగింది.

"ఇంతేనా సార్?" అన్నాను.

"ఇంతే. కర్ర భుజం దాకా ఎత్తొద్దని నా నడుం చూసిన డాక్టరు చెప్పి ఏళ్ళయింది. ఇప్పుడు నా ఆటలో బంతి నేల విడిస్తే ఓడిపోయినట్టే."

నేలని అంటిపెట్టుకుని దొర్లే బంతి. పది రోజులు నా గదిలో, మంచం కింద, ట్రంకుపెట్టె వెనక, నేను ఆడింది అచ్చంగా అదే ఆట. అప్పటికి ఆ జిల్లాలో దానిలో నన్ను మించినవాడు ఉండి ఉండడు. ఆ ఉద్యోగం మాత్రం గురజాల నుంచి వచ్చిన ఒక కుర్రవాడికి ఇచ్చారు. గోల్ఫ్ వచ్చా అని అడిగితే, "రాదు సార్, మీరు నేర్పితే నేర్చుకుంటా" అన్నాడట. ఇంత చిన్న వాక్యం నాకెందుకు తట్టలేదా అని ఆ తర్వాత చాలా ఏప్రిళ్ళు ఆలోచించాను.

కాబట్టి, పాఠకులారా, పన్నెండు రేకుల సున్నప్పువ్వు సాక్షిగా, బోర్లించిన మట్టి మూకుడు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఏ ఆటయినా సరే, బంతి ఎటు పోతుందో ముందు అడగనిదే 'యస్' అనను. నా బొందిలో ప్రాణం ఉండగా పైకప్పుకి ఏదీ కట్టను, ఆఖరికి దోమతెర కూడా. దోమలు కుడితే కుట్టనివ్వండి, అవి మొలకెత్తవు.